వినికిడి శాస్త్రం, జియోఫిజిక్స్ ఒకే ప్రొఫైల్‌లో కనిపిస్తే పేపర్లు, సైటేషన్లు ఎలా లెక్కకట్టాలి?

మేడమ్, మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ సెలెక్షన్ కమిటీకి మీరు కాగితాలు సిద్ధం చేస్తున్నారు. ఒక అభ్యర్థి గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌లో సగం పేపర్లు చెవి, వినికిడి మీద, మిగతా సగం భూకంప తరంగాల మీద ఉన్నాయి. స్కాలర్ హెచ్-ఇండెక్స్ 13 అంటోంది, అంటే కనీసం 13 సైటేషన్ల (ఇతర పేపర్లు ఉటంకించిన సార్ల) చొప్పున ఉన్న పేపర్లు 13 అని. స్కోపస్ అనే సైటేషన్ల డేటాబేసులో అదే పేరుతో రెండు ఐడీలున్నాయి, ఒకదాంట్లో 8, ఇంకోదాంట్లో 6. ఇది ఒక్క మనిషా, ఇద్దరా, కమిటీ నోట్‌లో ఏ అంకె వెయ్యాలి అని అడిగారు.

ఒక్క మనిషే అయ్యుండొచ్చు. కానీ ఏ పేపరు ఎవరిదో తేలేదాకా ఏ అంకే వెయ్యకండి. 8కి 6 కలిపి 14 అని మాత్రం అసలే వెయ్యకండి, ఎందుకో కింద లెక్కకట్టి చూపిస్తాను.

చెవి మీదా భూమి మీదా ఒకే మనిషి రాయడం అంత వింతేమీ కాదు. లోపలి చెవిలో కాక్లియా సుమారు 35 మిల్లీమీటర్ల గొట్టం, నత్త గుల్లలా చుట్టుకుని ఉంటుంది. అందులోని బేసిలార్ పొర మొదట్లో ఇరుకుగా, బిగువుగా ఉండి కొసకు పోయేకొద్దీ వెడల్పై వదులవుతుంది. అందుకే కీచు శబ్దాలు మొదట్లోనే, బొంగురు శబ్దాలు కొస దగ్గర గరిష్ఠానికి చేరతాయి. ముందుకు పోయేకొద్దీ గుణాలు మారిపోయే మాధ్యమంలో తరంగం ఎలా నడుస్తుందన్నది ఇక్కడి ప్రశ్న. భూమి పొరల్లో తరంగం గురించి సీస్మాలజీ, అంటే భూకంప తరంగాల శాస్త్రం, వేసుకునేదీ ఇదే ప్రశ్న, అందుకే గణితం చాలావరకు ఉమ్మడి. 1964లో ప్రోటాన్ల లాంటివాటి లోపల ఉండే క్వార్కుల ఊహను భౌతిక శాస్త్రవేత్త గెల్-మాన్‌తో సంబంధం లేకుండా విడిగా ప్రతిపాదించిన జార్జ్ జ్వైగ్ తర్వాత వినికిడి వైపు వచ్చారు. 1976లో జాసాలో, అంటే జర్నల్ ఆఫ్ ది అకౌస్టికల్ సొసైటీ ఆఫ్ అమెరికాలో, సహరచయితలతో కలిసి కాక్లియా తరంగాలకు డబ్ల్యూకేబీ పద్ధతిని, అంటే గుణాలు నెమ్మదిగా మారే మాధ్యమంలో తరంగాన్ని లెక్కకట్టే పద్ధతిని, వాడారు. మన్ మోహన్ సోంధీ, గోపీనాథ్ 1971లో పెదవుల దగ్గర కొలిచిన ప్రతిస్పందన నుంచి గొంతు, నోటి గొట్టం ఆకారాన్ని రాబట్టారు. నేలమీది రికార్డు నుంచి కింది పొరలను రాబట్టే ఇన్వర్స్ సమస్యకు ఇది తోబుట్టువు. 1981లో సోంధీయే కాక్లియా ఇన్వర్స్ సమస్య మీద రాశారు. ఇవాళ ఆడియోలోనూ వాడే వేవ్‌లెట్లకు, అంటే సిగ్నల్‌ను చిన్న చిన్న అల ముక్కలుగా విడగొట్టే పద్ధతికి, నాంది పలికినవాళ్లలో ఒకరైన మోర్లే జియోఫిజిసిస్టు. ఆయన గూపియో, గ్రాస్‌మన్‌లతో కలిసి 1984లో రాసిన పేపరు సీస్మిక్ సిగ్నళ్ల గురించే.

కాబట్టి నిజంగా రెండు రంగాల్లో పనిచేసిన మనిషైతే మధ్యలో వంతెన లాంటి పేపరు ఒకటైనా దొరకాలి. సిగ్నల్ ప్రాసెసింగో, ఇన్వర్షనో, తరంగాల గణితమో, ఏదైనా సరే. మీరు వెతకాల్సింది ముందు దాన్ని.

దాని దాకా వెళ్లేముందు పేర్ల గొడవ తేల్చుకోవాలి. మన తెలుగు పేర్లు ఈ డేటాబేసుల చేతిలో నలిగిపోతాయి. కొండేటి మునిరత్నం రెడ్డి అని ఒక పేరు ఊహించుకోండి. ఒక పేపర్లో ఆయన కె.ఎం. రెడ్డి, ఇంకోదాంట్లో మునిరత్నం కె., విదేశాల్లో పోస్ట్-డాక్ చేసిన రోజుల్లో మునిరత్నం కొండేటి. మునిరత్నంలో టీ తర్వాత హెచ్ ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. స్కోపస్ దృష్టిలో ఈ ముగ్గురూ వేర్వేరు మనుషులు కావచ్చు. ఇందుకు తలకిందులుగానూ జరుగుతుంది: రెడ్డి కె.ఎం. అన్న పొట్టి పేరు కింద ముగ్గురు రెడ్డిగార్ల పేపర్లు ఒకే ఐడీలో పడిపోతాయి. మహిళలైతే పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకున్నారేమో అడగండి. అభ్యర్థిని అడగాల్సిన మొదటి సమాచారం ఇదే: ఇప్పటిదాకా ఏయే పేర్లతో, ఏయే స్పెల్లింగులతో అచ్చు వేయించారు, ఏ సంవత్సరాల్లో ఏ సంస్థలో ఉన్నారు. ఒక పేజీ చాలు.

మన ప్రాంతం చిరునామాలతో ఇంకో చిక్కు. ఎస్వీ యూనివర్సిటీ అని రాసినా, శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ అని పూర్తిగా రాసినా 517502 పిన్‌తో ఉంటే మన వర్సిటీయే. పిన్ లేకుండా ఉంటే మాత్రం జాగ్రత్త. ఉత్తరప్రదేశ్‌లో దాదాపు ఇదే పేరుతో ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఉంది, ఢిల్లీలో శ్రీ వెంకటేశ్వర కాలేజీ ఉంది, తిరుపతిలోనే వెటర్నరీ యూనివర్సిటీ పేరూ వెంకటేశ్వరుడితోనే మొదలవుతుంది. 2022 ఏప్రిల్‌కు ముందు పేపర్లలో చిత్తూరు జిల్లా అని, తర్వాతి వాటిలో తిరుపతి జిల్లా అని ఉంటే సంస్థ మారిందనుకోవద్దు, జిల్లా మారింది. తిరుపతి దగ్గరి గాదంకి సంగతీ అంతే. ఎంఎస్‌టీ అనే వాతావరణ పరిశోధన రాడార్ ఉన్న అక్కడి సంస్థ పేరు 2005కు ముందు నేషనల్ ఎంఎస్‌టీ రాడార్ ఫెసిలిటీ, ఆ తర్వాత నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ లేబొరేటరీ.

గాదంకి పేరు ఊరికే ఎత్తలేదు. అక్కడి డేటాతో వచ్చే వాతావరణ పేపర్లు జర్నల్ ఆఫ్ జియోఫిజికల్ రీసెర్చ్‌లోనూ, ఆనాలెస్ జియోఫిజికేలోనూ వస్తుంటాయి. పత్రిక పేరులో జియోఫిజిక్స్ ఉంటుంది, లోపలున్నది మాత్రం గాలులు, ఉరుములు, అయనోస్ఫియర్. జేజీఆర్‌కు విడివిడి విభాగాలున్నాయి: సాలిడ్ ఎర్త్ వేరు, అట్మాస్ఫియర్స్ వేరు, స్పేస్ ఫిజిక్స్ వేరు. మీ అభ్యర్థిది సీస్మాలజీ అయితే అట్మాస్ఫియర్స్ విభాగం పేపర్లు ఆ ప్రొఫైల్లో ఎందుకున్నాయో చూడాలి. అదే ఇంటిపేరు, అదే ఇనిషియల్‌తో వాతావరణ శాస్త్రంలో ఇంకొకరు ఉండే అవకాశం మన ఊళ్లో ఎక్కువే.

ఇక చేతిలో జాబితా పెట్టుకుని ఒక్కో పేపరు డీఓఐ, అంటే ఆ పేపరుకు ఇచ్చిన శాశ్వత గుర్తింపు నంబరు, చూడండి. డీఓఐలో వాలుగీతకు ముందున్న భాగం చూస్తే చాలావరకు ప్రచురణకర్త తెలిసిపోతాడు. 10.1121 అంటే అకౌస్టికల్ సొసైటీ ఆఫ్ అమెరికా. 10.1190 అంటే సొసైటీ ఆఫ్ ఎక్స్‌ప్లొరేషన్ జియోఫిజిసిస్ట్స్, 10.1029 అమెరికన్ జియోఫిజికల్ యూనియన్, 10.1785 సీస్మలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా. 10.1016 ఎల్సెవియర్‌ది, హియరింగ్ రీసెర్చ్ పత్రిక అక్కడిదే. ఇలా రంగులు వేసుకుంటూ పోతే పది నిమిషాల్లో రెండు కుప్పలు తేలతాయి.

10.1121 దగ్గర మాత్రం ఆగండి. జాసా ఒక్క వినికిడి పత్రికే కాదు, సముద్రం అడుగున శబ్దం, సముద్రగర్భ మట్టి పొరలు, గాలిలో శబ్దం, అన్నీ అందులోనే వస్తాయి. పాత పేపర్లలో విషయం ఏదో చెప్పే ప్యాక్స్ అంకెలుంటాయి, అవి చూస్తే సరి. 43.64 శారీరక అకౌస్టిక్స్, 43.66 మానసిక అకౌస్టిక్స్, ఈ రెండూ వినికిడివి. 43.30 నీటి అడుగు శబ్దం. ఒకే మనిషి పేపర్లలో 43.30, 43.64 రెండూ కనిపించి మధ్యలో 43.60, అంటే సిగ్నల్ ప్రాసెసింగ్ ఉందంటే వంతెన దొరికినట్టే.

కీలక పదాలు పెట్టి వెతికి ఇవి ఒకే రంగంవని తేల్చేయకండి. అటెన్యుయేషన్, ఇంపిడెన్స్, ఇన్వర్షన్, క్యూ అన్నీ రెండు చోట్లా ఉన్నాయి. సీస్మాలజీలో క్యూ అంటే తరంగం ఒక్కో చక్రంలో ఎంత శక్తి పోగొట్టుకుంటుందో చెప్పే కొలతకు విలోమం. వినికిడిలో క్యూ10 అంటే ఒక నాడీ తంతువు ఏ ఫ్రీక్వెన్సీకి బాగా స్పందిస్తుందో ఆ ఫ్రీక్వెన్సీని, దాని ట్యూనింగ్ వక్రరేఖకు కనిష్ఠ స్థాయి నుంచి 10 డెసిబెల్స్ పైన ఉన్న వెడల్పుతో భాగిస్తే వచ్చేది. పేరొకటే, కొలిచేది వేరు.

వంతెన తేలడానికి నేను ఎక్కువ నమ్మేది రెండే పరీక్షలు. ఒకటి సహరచయితలు. వినికిడి కుప్పలో ఉన్న పేర్లన్నీ ఒక పక్క, భూమి కుప్పలో ఉన్నవి ఇంకో పక్క రాయండి. రెండింటిలోనూ ఉన్న మూడో మనిషి ఒక్కరైనా ఉన్నారా? లేకపోతే ఒకే ప్రాజెక్టు నంబరో, ఒకే ఈమెయిలో, ఒకే విభాగం చిరునామానో? రెండోది ఇంకా గట్టిది. వినికిడి పేపరు చివర ఉన్న రిఫరెన్సుల్లో అదే రచయిత పాత జియోఫిజిక్స్ పేపరు ఉందా చూడండి. ఒక రంగంలో తయారుచేసుకున్న పద్ధతిని ఇంకో రంగానికి తీసుకెళ్లినవాళ్లు తమ పాత పేపరును దాదాపు తప్పకుండా ఉటంకిస్తారు. రెండు కుప్పల మధ్య ఇలాంటి రాకపోక ఒక్కటీ లేకుండా, ఒకే ఏడాది ఒక నగరం నుంచి ఆసుపత్రి రోగుల వినికిడి పరీక్షల ఆడియోగ్రాములూ, ఇంకో నగరం నుంచి ఫీల్డ్ సీస్మోమీటర్ల డేటా వస్తే, అది ఇద్దరు మనుషులు కలిసిపోయిన ప్రొఫైలేనని అనుకోండి. అప్పుడు కూడా అభ్యర్థిని వెంటనే అనుమానించకండి. గూగుల్ స్కాలర్‌లో కొత్త పేపర్లు వాటంతటవే చేరిపోయే ఆప్షన్ ఉంది. అది ఆన్‌లో ఉంటే అదే పేరున్న ఇంకొకరి పేపర్లు తెలియకుండా వచ్చి పడతాయి. ప్రొఫైల్ ఏళ్ల తరబడి తెరిచి చూడనివాళ్లు చాలామందే.

ఆర్కిడ్ ఐడీ, అంటే పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు నంబరు, ఉందేమో అడగండి. 16 అక్షరాల ఆ నంబరులో చివరిది అంకె కాకుండా ఎక్స్ అని ఉన్నా తప్పు కాదు, అది నంబరు సరిగ్గా ఉందో లేదో చూసే చెక్ డిజిట్. అందులో ఒక్కో పేపరు కింద సోర్స్ అని ఉంటుంది. అక్కడ డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ పేరు ఉంటే ప్రచురణకర్త ద్వారా వచ్చిన సమాచారం, మనిషి పేరే ఉంటే ఆయన చేత్తో చేర్చుకున్నది. చేత్తో చేర్చినది తప్పని కాదు, ఇంకోసారి చూడాల్సింది అని.

పేపర్ల సంఖ్య ఉబ్బిపోయేది ఎక్కువగా కాన్ఫరెన్సుల దగ్గర, ఈ రెండు రంగాల్లో ఆ తంతు వేరువేరుగా ఉంటుంది. అకౌస్టికల్ సొసైటీ సమావేశాల సారాంశాలు జాసాలోనే అచ్చవుతాయి, వాటికీ 10.1121 డీఓఐ ఉంటుంది. చూడ్డానికి జాసా పేపరే. తెరిస్తే 200 పదాల సారాంశం ఒక్కటే, రిఫరెన్సులుండవు, మొదటి పేజీ, చివరి పేజీ నంబరు ఒకటే. శీర్షికకు ముందు 2ఏపీపీ3 లాంటి గుర్తుంటే అది రెండో రోజు ఉదయం మానసిక, శారీరక అకౌస్టిక్స్ సెషన్‌లో మూడో ప్రసంగమని అర్థం. బయోడేటాలో దీన్ని జర్నల్ పేపరుగా వేస్తే కొట్టేయండి. అదే సొసైటీ తెచ్చే ప్రొసీడింగ్స్ ఆఫ్ మీటింగ్స్ ఆన్ అకౌస్టిక్స్‌లో వచ్చినవి పూర్తి వ్యాసాలే, కానీ జాసా స్థాయి పీర్ రివ్యూ, అంటే తోటి నిపుణుల పరిశీలన, వాటికి లేదు. జియోఫిజిక్స్ వైపు ఎక్స్‌ప్లొరేషన్ సొసైటీ వార్షిక సమావేశాల ఎక్స్‌పాండెడ్ అబ్‌స్ట్రాక్టులు నాలుగైదు పేజీలుంటాయి, బొమ్మలు, రిఫరెన్సులు అన్నీ ఉంటాయి. ఏడాది రెండేళ్లకు అదే పని పూర్తి పేపరుగా జియోఫిజిక్స్ పత్రికలో వస్తుంది. రెండింటినీ లెక్కపెడితే ఒక పని రెండుసార్లు పడినట్టే. అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ ఫాల్ మీటింగ్ సారాంశాలు స్కాలర్‌లో విరివిగా తగులుతాయి, వాటిని పక్కన పెట్టేయొచ్చు. ఇలాంటివాటికి సైటేషన్లు పెద్దగా రావు కాబట్టి హెచ్-ఇండెక్స్ అంతగా చెదరదు, పేపర్ల సంఖ్య మాత్రం బూరెలా పొంగుతుంది.

స్కాలర్ 13 అంటుంటే స్కోపస్ 8, 6 అనడం మోసమేమీ కాదు. స్కాలర్ వెబ్‌లో దొరికిన థీసిస్‌లు, రిపోర్టులు, ప్రీప్రింట్లు, పుస్తకాలు చేసిన సైటేషన్లన్నీ కలుపుతుంది. స్కోపస్ తన జాబితాలో ఉన్నవాటినే లెక్కిస్తుంది. వైద్య పేపర్ల డేటాబేసైన పబ్‌మెడ్‌లో వెతికితే వినికిడి పేపర్లు దొరుకుతాయి, సీస్మాలజీవి చాలావరకు దొరకవు. పబ్‌మెడ్‌లో ఇన్నే ఉన్నాయే అని కమిటీలో డాక్టరు గారెవరైనా అంటే ఇది చెప్పండి. భూమి పేపర్లకు నాసా ఏడీఎస్ డేటాబేసు మేలు. చందాలేవీ లేకుండా ఓపెన్‌అలెక్స్ డేటాబేసు వాడుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ అకడమిక్ అనే అలాంటి సేవ మూతపడిన వెంటనే 2022 జనవరిలో ఇది మొదలైంది. రచయితలను విడదీయడంలో అదీ తప్పులు చేస్తుంది, మన పేర్ల విషయంలో మరీను. చందా లేకపోయినా స్కోపస్ ప్రివ్యూలో రచయిత పేరుతో వెతకొచ్చు. స్కాలర్‌లో సైటేషన్ల అంకె పక్కన నక్షత్రం గుర్తుంటే రెండు వ్యాసాలను కలిపేశారని అర్థం, తెరిచి నిజంగా ఒకే పేపరా చూడండి. అన్నీ చూసే తీరిక లేకపోతే ఎక్కువ సైటేషన్లున్న మొదటి పదింటి పీడీఎఫ్‌లు తెరిచి రచయితల పేర్లు చదవండి, మొత్తాన్ని తలకిందులు చేసే పొరపాటు సాధారణంగా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు 8కి 6 కలపడం. మీ అభ్యర్థి జాబితా నా దగ్గర లేదు, ఊహించిన అంకెలతో చూపిస్తాను. వినికిడి పేపర్ల సైటేషన్లు ఇలా ఉన్నాయనుకోండి: 90, 41, 30, 22, 15, 12, 9, 8, 6, 4. ఎనిమిదో పేపరుకు 8 ఉన్నాయి, తొమ్మిదోదానికి 6 మాత్రమే, కాబట్టి హెచ్ 8. భూమి పేపర్లవి: 60, 25, 18, 11, 7, 6, 5. ఆరోదానికి 6, ఏడోదానికి 5, హెచ్ 6. రెండింటినీ కలిపి పెద్దది నుంచి చిన్నదిగా పేరిస్తే పదోది 11, పదకొండోది 9. హెచ్ 10. పద్నాలుగు కాదు. ఐ10, అంటే కనీసం 10 సైటేషన్లున్న పేపర్ల సంఖ్య, మాత్రం మామూలుగా కూడుకోవచ్చు: 6కి 4 కలిపితే 10. మొత్తం సైటేషన్లు 237కి 132 కలిపి 369. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఈ రెండు కుప్పలూ నిజానికి ఇద్దరు మనుషులవైతే, తప్పుగా కలిపినందువల్ల మొదటి మనిషి హెచ్ పెరిగింది రెండే, మొత్తం సైటేషన్లు మాత్రం సగానికి పైగా పెరిగాయి. హెచ్ చూసి పెద్ద తేడా లేదులే అనుకోవద్దు.

స్కోపస్‌లో స్వీయ సైటేషన్లు తీసేసి చూసే వీలుంది, స్కాలర్‌లో లేదు. రెండు రంగాల మధ్య తిరిగేవాళ్లకు స్వీయ సైటేషన్లు కాస్త ఎక్కువ ఉండటం సహజం. పైన చెప్పిన రాకపోకే అది. తీసేసిన అంకె, తీయని అంకె రెండూ వేసి వదిలేయండి.

రెండు కుప్పల సైటేషన్లను ఒకదానితో ఒకటి పోల్చడం మాత్రం వద్దు. ప్రతి రంగంలోనూ పనిముట్ల పేపర్లకు సైటేషన్లు విపరీతంగా వస్తాయి. మ్యాపులు గీసే జీఎంటీ, సీస్మాలజీ వాళ్లు వాడే ఆబ్స్‌పై లాంటి సాఫ్ట్‌వేర్‌ను వాడినవాళ్లంతా ఆ పేపరును ఉటంకిస్తారు. వినికిడిలో గ్లాస్‌బర్గ్, మూర్ 1990లో హియరింగ్ రీసెర్చ్‌లో రాసిన శ్రవణ ఫిల్టర్ల పేపరు, అదే ఏడాది జాసాలో గ్రీన్‌వుడ్ ఇచ్చిన కాక్లియా ఫ్రీక్వెన్సీ మ్యాపు అలాంటివి. గ్లాస్‌బర్గ్-మూర్ ఫార్ములాను చెవితో సంబంధం లేని స్పీచ్ ఇంజనీర్లు కూడా వాడతారు. మీ అభ్యర్థి సైటేషన్లలో ఎక్కువ భాగం ఒకే పేపరుకు ఉంటే అది ఇలాంటి పనిముట్టేమో చూసి, అలాగైతే ఆ మాట నోట్‌లో రాయండి. అది తక్కువేమీ కాదు, దాని విలువ వేరే రకం. రంగాన్ని బట్టి సరిచేసిన సూచికలను కూడా గుడ్డిగా నమ్మకండి. వెబ్ ఆఫ్ సైన్స్ జాసాను అకౌస్టిక్స్‌తో పాటు ఆడియాలజీ విభాగంలోనూ పెడుతుంది. అందువల్ల నీటి అడుగు శబ్దం మీద రాసిన పేపరు ఆడియాలజీ పేపర్లతో పోటీ పడుతుంది.

రచయితల వరస మీ మార్కులను నేరుగా తాకుతుంది. వినికిడి రంగానికి వైద్య సంప్రదాయం వచ్చింది, ల్యాబ్ పెద్ద సాధారణంగా చివర ఉంటారు. జియోఫిజిక్స్‌లో ఎక్కువగా పని చేసిన మేరకు వరస, చివరి పేరుకు ప్రత్యేక గౌరవం ఉండాలని లేదు. మీరు యూజీసీ 2018 నిబంధనల పట్టిక వాడుతుంటే సైన్స్, ఇంజనీరింగ్ పేపరుకు మూల మార్కులు 8, ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి ఇవి పెరుగుతాయి. ఇద్దరు రచయితలైతే ఒక్కొక్కరికి 70 శాతం. ఇద్దరికి మించితే మొదటి, ప్రధాన లేదా కరస్పాండింగ్ రచయితకు 70 శాతం, అంటే 5.6, మిగతా ఒక్కొక్కరికి 30 శాతం, అంటే 2.4. చివర ఉన్నంత మాత్రాన 5.6 రాదు, మొదటి పేజీలో కరస్పాండింగ్ గుర్తు ఎవరికుందో చూసి వెయ్యండి. కాలేజీ ఏఐసీటీఈ కొలమానాలు వాడుతుంటే అవి వేరు. ఒప్పుకోదగ్గ పత్రికల యూజీసీ-కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు కాబట్టి ఏ పత్రికలను ఒప్పుకుంటారో మీ సంస్థే ముందు రాసుకుని ఉండాలి, అభ్యర్థిని చూశాక రాస్తే గొడవలొస్తాయి.

ఉపసంహరణల, అంటే అచ్చయ్యాక వెనక్కి తీసుకున్న పేపర్ల, సంగతి చిన్న పనే, మర్చిపోవద్దు. అలాంటి పేపర్ల జాబితా అయిన రిట్రాక్షన్ వాచ్ డేటాబేసును 2023లో క్రాస్‌రెఫ్ తీసుకుని అందరికీ తెరిచింది. డీఓఐలు అందులో ఒకసారి చూసుకోండి.

నోట్‌లో మూడు వరసలు చాలు: వినికిడి, భూమి, రెండూ కలిపి. ఒక్కోదానికి పీర్ రివ్యూ అయిన పేపర్లు, కాన్ఫరెన్స్ పేపర్లు వేరుగా, సైటేషన్లు, హెచ్, అవి ఏ డేటాబేస్ నుంచి ఏ తేదీన తీశారో. కలిపిన హెచ్‌ను పైన చూపినట్టు పేర్చి తీయండి. వంతెన పేపరు ఏదో ఒక వాక్యంలో చెప్పండి. వంతెన దొరక్కపోతే, అభ్యర్థికి ముందుగానే మెయిల్ పెట్టి, తనవి కాని పేపర్లు స్కాలర్‌లో తీసేయమని, స్కోపస్‌లోని రెండు ఐడీలు తనవేనైతే కలపమని ఆథర్ ఫీడ్‌బ్యాక్ ఫారంలో కోరమని చెప్పండి. స్కాలర్ మార్పు వెంటనే కనిపిస్తుంది. స్కోపస్ మార్పుకు కొంత కాలం పడుతుంది, ఆలోగా ఇంటర్వ్యూ వచ్చేస్తే ఆ అభ్యర్థన పంపినట్టు వచ్చిన మెయిల్ ప్రింటును ఫైల్లో పెట్టుకోండి.